ఆరేళ్ల బీ450 మదర్‌బోర్డు, వెనక్కి రాని ఒక బయోస్ అప్‌డేట్

ఈ బోర్డు కొనమని నేనే ముగ్గురికి చెప్పాను. ఇద్దరు ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలోనే ఉన్నారు, ఒకరిది కాశీనగర్. వాళ్లకి చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కానీ అప్పుడు నేను పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. అది రాయకపోతే మనసొప్పడం లేదు.

స్పెసిఫికేషన్ల జోలికి పోను. బీ450 అంటే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు పెట్టుకునే ఒక రకం మదర్‌బోర్డు, అంత తెలిస్తే చాలు. మాది డీటీపీ, కలర్ ప్రింటింగ్ షాపు. మా ఊళ్లో పెళ్లికార్డు అంటే చాలాసార్లు ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. పెళ్లికొడుకు ఇక్కడివాడు, పెళ్లికూతురు పాతపట్నం వైపు అయితే ఒక్క కార్డుకి రెండు ఇళ్లవాళ్లూ వచ్చి ప్రూఫ్ చూసి వెళ్తారు. తెలుగుకి అనూ ఫాంట్లు, ఒడియాకి ఆకృతి, ఫొటోలకి ఫొటోషాప్, అన్నీ ఒకే సిస్టమ్ మీద. అది ఆగిన పూట షాపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

2019 మొదట్లో ఏ8-9600 ప్రాసెసర్‌తో తీసుకున్నాను. అప్పుడు చేతిలో ఉన్న డబ్బుకి అదే వచ్చింది. బోర్డు మాత్రం కాస్త మంచిది పెట్టించుకున్నాను. ప్రాసెసర్ కూర్చునే చోటు ఏఎం4 సాకెట్ కదా, ముందు ముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుందని. ఆ లెక్క తప్పలేదు. 2020 మే నెలలో ఏఎండీ వాళ్లు మొదట బీ450 బోర్డుల మీద కొత్త తరం జెన్ 3 ప్రాసెసర్లు పనిచేయవన్నారు. వాడుకలో ఉన్నవాళ్లంతా గొడవ చేశాక, అదే నెలలో మాట మార్చుకుని ఇస్తామన్నారు. ఆ వార్త చదివి నేను ఎంత సంబరపడ్డానో! ఆ ప్రకటనలోనే ఇంకో రెండు మాటలు ఉన్నాయి. కొత్త బయోస్ (సిస్టమ్ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) వేస్తే చాలా పాత ప్రాసెసర్లకి సపోర్ట్ పోతుందని, తిరిగి పాత బయోస్‌కి వెళ్లడానికి వీలుండదని. చదివాను. నాకు పాతదానితో పనేముంది, కొత్తది వేసుకుంటాను కదా అనుకుని వదిలేశాను.

2022 ఫిబ్రవరిలో ఆ జెన్ 3 తరానిదే రైజెన్ 5 5600జీ కొన్నాను. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి, ఆ తర్వాత ఆపేసి కొత్తది పెట్టాలి. అప్‌డేట్ నడిచిన ఆ కాసేపు నేను కుర్చీలోంచి లేవలేదు. తిత్లీ తుపాను తర్వాత మా షాపులో మంచి బ్యాటరీతో యూపీఎస్ ఉంది, అయినా టెన్షనే. సగంలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుందని అందరూ భయపెట్టేవారు. నా భయమంతా ఆ ఒక్కదాని మీదే ఉండిపోయింది. బార్ నూటికి చేరి సిస్టమ్ దానంతటదే ఆగింది. కొత్త ప్రాసెసర్ పెట్టాక ఎఫ్‌టీపీఎం (రహస్య కీలు దాచే భద్రతా భాగం) రీసెట్ చెయ్యాలా అని నల్లటి స్క్రీన్ మీద అడిగింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ నాకు లేదు కాబట్టి వై (Y) నొక్కాను. ఉన్నవాళ్లు మాత్రం రికవరీ కీ చేతిలో పెట్టుకునే నొక్కాలి.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఈ బోర్డుని పొగడని రోజు లేదు. నలభై పేజీల పెళ్లి ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ పెట్టి టీకి వెళ్లేవాణ్ని, తిరిగొచ్చేసరికి అయిపోయి ఉండేది. ఆ ముగ్గురికి చెప్పింది అప్పుడే. పాత ఏ8ని స్టీలు డబ్బాలో, పిన్నులకి దెబ్బ తగలకుండా దాని ప్లాస్టిక్ పెట్టెలోనే దాచాను. స్టెప్నీ లాగా ఉంటుందని.

2023 మేలో, పెళ్లిళ్ల పని పీకల మీద ఉన్నప్పుడు, సిస్టమ్ వేడెక్కుతోందని మా మేనల్లుడు ఫ్యాన్ విప్పి దుమ్ము దులిపాడు. ఏఎం4 వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. ప్రాసెసర్‌కీ, దాని మీది కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండి గట్టిపడితే, కూలర్ పైకి లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. ప్రాసెసర్‌ని బిగించే లివర్ వేసి ఉన్నా ఆగదు. పది నిమిషాలు సిస్టమ్ నడిపి, పేస్ట్ వెచ్చబడ్డాక, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తియ్యాలి. వాడికి అది తెలీదు, నేనూ చెప్పలేదు. ప్రాసెసర్‌ని కూలర్ నుంచి విడదీసే సరికి ఒక మూల పిన్నులన్నీ గాలికి ఒరిగిన వరిలా పడుకున్నాయి. 1331 పిన్నుల్లో ఒరిగినవి పదో పన్నెండో, ఒకటి మాత్రం విరిగి టేబుల్ మీద పడింది. వాడి మొహం చూసి నేనేమీ అనలేకపోయాను.

అయినా ధైర్యంగానే ఉన్నాను. స్టెప్నీ ఉంది కదా. ఏ8 తీసి పెట్టాను. ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ర్యామ్ ఒక్కటే పెట్టి చూశాను, స్లాట్ మార్చాను, రూపాయి బిళ్లంత బ్యాటరీ తీసి అరగంట ఆగాను, బయోస్ సెట్టింగులు చెరిపే సీమాస్ క్లియర్ కూడా చేశాను. రాత్రి రెండయింది. తెల్లారితే నాలుగు కార్డులు ప్రింటుకి వెళ్లాలి. బోర్డే పోయిందనుకున్నాను.

పొద్దున్న నెట్ సెంటర్ నడిపే మిత్రుడు తన సిస్టమ్‌లోంచి రైజెన్ 3 3200జీ విప్పి గంటకి ఇచ్చాడు. పెట్టగానే వెలిగింది! అంటే బోర్డుకి ఏమీ కాలేదు. వెంటనే 2019 నాటి బయోస్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్‌లోంచే అప్‌డేట్ చెయ్యబోయాను. ఫైలు కనిపిస్తోంది, ఎంచుకుంటే మాత్రం తీసుకోవడం లేదు. మూడుసార్లు ప్రయత్నించి, అప్పుడు కంపెనీ డౌన్‌లోడ్ పేజీ మొదటినుంచీ చదివాను. నేను వేసిన వెర్షన్ పక్కన, వివరాల చివర, రెండు చిన్న వాక్యాలు. బ్రిస్టల్ రిడ్జ్ ప్రాసెసర్లకి ఇక సపోర్ట్ ఉండదు. దీని తర్వాత పాత వెర్షన్‌కి వెళ్లలేరు. నా ఏ8-9600 ఆ బ్రిస్టల్ రిడ్జ్ అనే పాత తరానిదే. అంటే ఏడాదికి పైగా నేను డబ్బాలో భద్రంగా దాచుకున్న స్టెప్నీ, దాచిన రోజు నుంచే ఆ బండికి పట్టదు.

కారణం తెలిస్తే కోపం కాస్త తగ్గుతుందేమో అని చదివాను. ఈ బోర్డు మీద బయోస్ ఉండే చిప్ 16 ఎంబీది. ఒకే సాకెట్‌కి ఇన్ని తరాల ప్రాసెసర్లు వచ్చేసరికి, ఒక్కోదానికి కావలసిన కోడ్ అంతా ఆ 16 ఎంబీలో పట్టలేదు. కొత్తవి ఎక్కించాలంటే పాతవి దించాలి. తర్వాత కొన్ని బోర్డులకి 32 ఎంబీ చిప్ వేశారు. నాది అంతకు ముందు వచ్చినది. ఇది మోసం కాదు, నేను ఒప్పుకుంటాను. కానీ అప్‌డేట్ నొక్కేముందు స్క్రీన్ మీద అడగలేదు. కరెంటు ఆపవద్దని మాత్రం పెద్ద అక్షరాల్లో రాశారు. ఇప్పుడు బోర్డు మీదున్న ప్రాసెసర్ ఈ బటన్ నొక్కాక ఇక పనిచేయదు అని అక్కడే ఒక్క లైను రాయడానికి ఏం అడ్డం వచ్చింది? అదే నా బాధ. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ వేసుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కూడా ఈ మోడల్‌కి లేదు. అది ఉన్నా పాత వెర్షన్ తీసుకుంటుందో లేదో బోర్డుని బట్టి ఉంటుందట.

మిత్రుడి ప్రాసెసర్ తిరిగి ఇచ్చేసి, బోర్డు విప్పి తువ్వాల్లో చుట్టి, నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం బస్సెక్కాను. అక్కడ ల్యాప్‌టాప్ చిప్ పనులు చేసే కుర్రాడొకడు ఉన్నాడని విన్నాను. బోర్డు చూసి, "ఏటన్నయ్యా, ఇది సచ్చిపోలేదు. దీనికి నీ పాత ప్రాసెసర్ గుర్తు లేదంతే" అన్నాడు. ఆ మాటకి సగం ప్రాణం లేచొచ్చింది.

వాడు చేసిన పని దగ్గర కూర్చుని చూశాను. బయోస్ చిప్ కందిపప్పు బద్దంత ఉంటుంది, ఎనిమిది కాళ్లు. ముందు భూతద్దం పెట్టి దాని మీద నంబర్ చదివాడు. అది 1.8 వోల్టుల చిప్. చిన్న యూఎస్‌బీ ప్రోగ్రామర్ ఇచ్చే 3.3 వోల్టులు నేరుగా ఇస్తే పాడైపోవచ్చని, మధ్యలో ఇంకో అడాప్టర్ పెట్టాడు. ఆ ఎనిమిది కాళ్లని బట్టల క్లిప్ లాంటి దానితో పట్టి, చిప్‌లో ఉన్నదంతా రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్లూ ఒకటేనా కాదా అని పోల్చాడు. మొదటిసారి కలవలేదు, క్లిప్ సరిగ్గా కూర్చోలేదట. తీసి మళ్లీ పెట్టాడు. కలిశాక ఆ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి, అప్పుడు చిప్ చెరిపి పాత బయోస్ రాశాడు. మెనూ ఒప్పుకోని పని క్లిప్ ఒప్పుకుంది. ఏ8 పెట్టి ఆన్ చేస్తే, నాలుగేళ్ల కిందటి కంపెనీ లోగో స్క్రీన్ మీద కనబడింది. ఆరువందలు తీసుకున్నాడు. విరిగిన పిన్ను సంగతి అడిగితే, పని చేసినా చేస్తుంది గానీ నీ పనికి నమ్ముకోకు అన్నాడు. ఆ మాట నేను పాటించాను.

ఆ సీజన్ అంతా ఏ8 మీదే గడిచింది. నెమ్మదిగా అయినా నడిచింది. జులైలో పన్నెండు వేల దాకా పెట్టి మళ్లీ 5600జీ కొని, మళ్లీ అదే అప్‌డేట్ వేశాను. ఈసారి తెలిసే వేశాను. పాత ఏ8కి సెకండ్ హ్యాండ్‌లో అదే ఏఎం4 సాకెట్ ఉన్న ఒక ఏ320 బోర్డు వెతికి తెచ్చి, దాని బయోస్ జోలికి పోకుండా, రెండో సిస్టమ్ చేశాను. మేనల్లుడు దాని మీదే ఇప్పుడు జిరాక్స్, ఆధార్ ప్రింట్ల పని చూస్తున్నాడు.

బోర్డు మంచిదా అంటే, ఇప్పటికీ మంచిదే. ఆరేళ్లలో తనంతట తాను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. నాలాగా ఒక్క సిస్టమ్ మీద ఇల్లు గడిచేవాళ్లు, పాత ప్రాసెసర్‌ని స్టెప్నీగా ఉంచుకుందామనుకునేవాళ్లు మాత్రం, వేసే వెర్షన్ పక్కన రాసినది చివరి లైను దాకా చదివాకే వెయ్యండి. సీజన్ మధ్యలో అసలు వద్దు. ఇంట్లో గేములకి వాడుకునేవాళ్లకి, పాతది అమ్మేసేవాళ్లకి ఇదంతా పెద్ద విషయం కాకపోవచ్చు. ఉన్న ప్రాసెసర్‌తో ఏ ఇబ్బందీ లేనివాళ్లు, సెక్యూరిటీ కోసం తప్పనిసరి అయితే తప్ప, ఇంకో వెర్షన్ వచ్చిందని తొందరపడనక్కర్లేదని నాకనిపిస్తుంది.

నేను చెబితే కొన్న ముగ్గురిలో ఇద్దరివి మొదటినుంచీ రైజెన్లే, వాళ్లకి ఈ సమస్య రాలేదు. కాశీనగర్ ఆయనది ఏ6, అదీ బ్రిస్టల్ రిడ్జే. ఆయన ఇంకా అప్‌డేట్ చెయ్యలేదు. ఫోన్ చేసి ఆపాను. ఇదే బోర్డు ఉండి ఇలాగే ఇరుక్కున్నవాళ్లు అడిగితే, నా దగ్గరున్న పాత బయోస్ ఫైలు ఇస్తాను. ముందు మీ చిప్‌లో ఉన్నది చదివించి దాచుకోండి, మీ బోర్డు సీరియల్ నంబర్, లాన్ అడ్రస్ అందులో ఉండొచ్చు.