నల్లమల దారిలో మూడు బండ్లు, మూడు వైర్‌లెస్ సెట్లు: నల్లగొండ నుంచి సోమశిల దాకా

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫోను మీద ఆశ పెట్టుకోకూడదు. ఊళ్ల దగ్గర కాసేపు సిగ్నల్ వస్తుంది, మలుపు తిరిగితే పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లను వదలరు. అడవిలో హారన్ కొట్టకూడదు. మూడు బండ్లలో పిల్లాజెల్లా, పెద్దవాళ్లతో వెళ్తుంటే, వెనకబడిన బండికి ఏమైందో ముందు బండికి తెలిసే దారి ఒకటి ఉండాలి. అందుకే ఈసారి మూడు బండ్లకూ వైర్‌లెస్ సెట్లు బిగించి బయల్దేరాం. ఏ సెట్టు, ఏ యాంటెన్నా, ఎక్కడ బిగిస్తే పని చేసిందో, ఏ చోట బస బాగుందో అన్నీ కలిపి రాస్తున్నాను. మా దారి నల్లగొండ, దేవరకొండ, డిండి, మన్ననూరు, ఈగలపెంట. తిరుగుదారిలో అచ్చంపేట, కొల్లాపూర్, సోమశిల, మహబూబ్‌నగర్.

ముందు లైసెన్సు సంగతి. నేను, బావ, తమ్ముడు (మా చిన్నాన్న కొడుకు), ముగ్గురం హామ్ లైసెన్సు, అంటే సొంత ఆసక్తితో వైర్‌లెస్ నడుపుకునే అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లమే. కేంద్ర టెలికాం శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష పాసైతేనే ఆ లైసెన్సు వస్తుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, జనరల్ గ్రేడ్ అని రెండు రకాలు. 12 ఏళ్లు నిండిన పిల్లలు కూడా రాయవచ్చు. పరీక్షకు చదవాలనుకునే వాళ్లకు హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. లైసెన్సు లేనివాళ్లు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాట్ చేతిసెట్లు వాడుకోవచ్చు. 2018 నిబంధనల్లో వాటికి మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెట్లన్నీ ఆ కోవలోవి కావు. కొన్నిట్లో ఏ ఫ్రీక్వెన్సీ అయినా తిప్పుకోవచ్చు, అంటే పోలీసుల మీదో అటవీ సిబ్బంది మీదో వెళ్లి పడవచ్చు. పులుల అడవిలో సిబ్బంది ప్రాణాలు ఆ వైర్‌లెస్ మీదే ఆధారపడి ఉంటాయి. దయచేసి ఆ పని చేయకండి. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల మీద నోటీసులు ఇచ్చింది కూడా ఇందుకే. కొనే ముందు ఈటీఏ సర్టిఫికెట్ (ఆ పరికరానికి ప్రభుత్వ ఆమోదం ఉందని చెప్పే కాగితం) ఉందా, ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది అని అడిగి తీసుకోండి.

ఇక బిగింపు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర్లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించాం. ఆయనకు వైర్‌లెస్ కొత్తే, కానీ బండి వైరింగ్ బాగా తెలిసినవాడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. నా మాట ఒక్కటే: డబ్బులుంటే పెద్ద సెట్టు కొనడం మీద కాదు, యాంటెన్నా మీద, అది కూర్చునే చోటు మీద పెట్టండి. చేతిసెట్టును బండి లోపలే పెట్టుకుని మాట్లాడితే చుట్టూ ఉన్న ఇనుము సగం సిగ్నల్‌ను లోపలే ఆపేస్తుంది. అదే 5 వాట్ల సెట్టుకు పైకప్పు మీద యాంటెన్నా తగిలిస్తే, లోపల పెట్టిన పెద్ద సెట్టు కన్నా దూరం వినబడుతుంది.

మాది ఇనుప పైకప్పున్న బొలేరో. కప్పు నడిమధ్యన మాగ్నెట్ బేస్ పెట్టి, పావు తరంగం యాంటెన్నా నిలబెట్టాం. మేము వాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త పైన, అందులో పావు అంటే సుమారు అర మీటరు కడ్డీ. ఆ కడ్డీకి కింద ఉన్న ఇనుప కప్పే రెండో సగంలా పనిచేస్తుంది, అందుకే నడిమధ్య కావాలి. సామాను క్యారియర్ పక్కన పెట్టి చూస్తే మీటరు ముల్లు లేచిపోయింది. ఆ మీటర్ పేరు ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్, పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పేది. 1.5 లోపు చూపిస్తే నిశ్చింత. 3 చూపిస్తే పంపిన పవర్‌లో పావు వంతు వెనక్కే వస్తుంది, సెట్టుకు కూడా మంచిది కాదు. మీటర్ పెట్టకుండా బిగించి ఇచ్చేవాళ్ల దగ్గర పని చేయించుకోకండి.

బావ బండికి పైన పెద్ద అద్దం సన్‌రూఫ్. మధ్యలో ఇనుమే లేదు. బానెట్ అంచుకు క్లాంపు బిగించి యాంటెన్నా పెట్టాం. క్లాంపు స్క్రూలు రంగు చీల్చుకుని ఇనుముకు తగిలేలా బిగించాలి, లేదంటే ఎర్త్ అందదు. బావకు ఆ రంగు చీలడం మనసుకు కష్టమైంది. "అరే, కొత్త బండి గదా" అన్నాడు. గీరిన చోట తుప్పు పట్టకుండా గ్రీజు రాయించాను. బానెట్ మీద పెట్టినప్పుడు వెనక వైపు కొంచెం బలం తగ్గుతుంది, కాబట్టి ఆ బండిని వెనక నడిపించడమే మేలు అనుకున్నాం.

తమ్ముడి జీపుకు గుడ్డ టాపు. అక్కడ అయస్కాంతం దేనికీ పనికిరాదు. దానికి అర తరంగం యాంటెన్నా, మీటరు పొడవుది, వెనక స్టెప్నీ బ్రాకెట్‌కు బిగించాం. అర తరంగానికి కింద ఇనుప పళ్లెం అక్కర్లేదు. గుడ్డ టాపు, ఫైబర్ టాపు బండ్లవాళ్లు నేరుగా ఈ రకానికే వెళ్లండి.

వైరింగ్‌లో తొందర పనికిరాదు. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది. సిగరెట్ సాకెట్ నుంచి తీసుకుంటే సాకెట్ వేడెక్కుతుంది, ఫ్యూజు పోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు లాగించాం, ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఫ్యూజు సెట్టు దగ్గర మాత్రమే ఉంటే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. అలాంటి బండికి మైనస్ వైరును బాడీ ఎర్త్ పాయింటుకు కలపాలి. వైరు మందం 4 చదరపు మిల్లీమీటర్లు తీసుకున్నాం. 1.5 వైరు చవక, కానీ మూడు మీటర్ల దూరానికి వెళ్లి వచ్చేసరికి 12 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒక వోల్టు తినేస్తుంది. లారీలు, డీసీఎంల వాళ్లు మాత్రం ముందు 24 వోల్టులా 12 వోల్టులా చూసుకోవాలి, 24 అయితే మధ్యలో కన్వర్టర్ తప్పదు. సెట్టును, మైకును ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట పెట్టించకండి. పక్క స్తంభాల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లుండే బండ్లలో కేబుల్‌ను వాటి మీదుగా లాగనివ్వకండి.

దేవరకొండ దారి చదునుగా ఉంటుంది, అక్కడే అసలు పరీక్ష. రెండు బండ్ల యాంటెన్నాలూ నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉంటే, లెక్క ప్రకారం రేడియో తరంగాలు అందే హద్దు 11, 12 కిలోమీటర్లు. చెట్లు, ఊళ్లు అడ్డం వస్తాయి కాబట్టి అంతకు తక్కువే అందుతుంది. మల్లేపల్లి దాటాక బావ గొంతులో వెనక నుంచి చిరచిర మొదలైంది. "బావా, డ్యాష్‌క్యామ్ చార్జర్ పీకి చూడు" అన్నాను. పీకేశాడు, గొంతు తేటపడింది. చవక చార్జర్లు ఇలా రొద పుట్టిస్తాయి. ఇంజను వేగంతో పాటు ఈల పెరుగుతూ ఉంటే అది ఆల్టర్నేటర్‌ది, దానికి ఎర్త్‌లు సరిచేసుకోవాలి.

దేవరకొండ ఖిల్లా ఎక్కడానికి ఓపిక ఉన్నవాళ్లు పొద్దున్నే వెళ్లండి. పద్మనాయకుల నాటి కోట, కొండలను కలుపుకుంటూ కట్టిన గోడలు. పైన నీడ తక్కువ, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. తమ్ముడు చేతిసెట్టుతో పైకెక్కాడు, మేం డిండి వైపు సాగిపోయాం. 5 వాట్ల చేతిసెట్టు గొంతు డిండి ప్రాజెక్టు దగ్గరికి పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. ఎత్తు చేసే మేలు ఏ వాట్లూ చేయలేవు.

మన్ననూరులో బస అటవీశాఖ కాటేజీల్లో. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. బస, సఫారీ కలిపి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, శనాదివారాలకు బాగా ముందు చేసుకుంటేనే దొరుకుతుంది. గది హోటల్ గదిలా ఉండాలనుకునే వాళ్లకు నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఈ దారి మొత్తంలో మొదటి ఎంపిక ఇదే. భోజనం సాదాగా వేడిగా ఉంది, మాతో వచ్చిన చెంచు యువకుడికి ప్రతి చెట్టూ తెలుసు. చెక్‌పోస్టులో మా సెట్ల గురించి ముందే చెప్పి లైసెన్సులు చూపించాం. సఫారీ తీసుకెళ్లేది వాళ్ల బండే. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ వెళ్లి వచ్చేదాకా మా సెట్లన్నీ ఆఫ్. అక్కడ వినవలసింది అడవినే.

మర్నాడు వటవర్లపల్లి నుంచి మల్లెల తీర్థం. వానలు పడ్డాక వెళ్తేనే జలపాతం, ఎండాకాలం బండలే చూస్తారు. మూడు వందలకు పైగా మెట్లు. దిగువన లోయలో చేతిసెట్టు పైనున్న బండికి అందదు. మోకాళ్ల నొప్పితో సగం మెట్లలో కూర్చున్న చిన్నాన్నకు 446 సెట్టు ఇచ్చాం, కింద ఒకటి, పైన ఒకటి. కింది మాట ఆయన పైకి చెప్పారు. "పిల్లలు నీళ్లల్ల దిగుతున్నరట, తువ్వాళ్లు పంపుమంటున్నరు" అని ఆయన ఉత్సాహంగా చెప్పడం ఇంకా చెవుల్లో ఉంది. అడవిలో రెండు మీటర్ల బ్యాండు (మేము వాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గరిది), 70 సెంటీమీటర్ల బ్యాండు (అంతకన్నా పై ఫ్రీక్వెన్సీది) రెండూ పోల్చి చూశాం. తడి ఆకులు పై ఫ్రీక్వెన్సీని ఎక్కువ మింగేస్తాయి. నల్లమలకు రెండు మీటర్లే నా సలహా.

దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగుడు, మలుపులు. కొండ మధ్యకొస్తే కిలోమీటరు దూరంలో ఉన్న బండి కూడా వినబడదు, మలుపు తిరగగానే మళ్లీ గొంతు. ఇక్కడ పొడుగు యాంటెన్నా కన్నా మా అర మీటరు కడ్డీయే నయం. పొడుగుది బలాన్నంతా అడ్డంగా, నేలకు సమాంతరంగా పరుస్తుంది, ఘాట్‌లో ముందు బండి పైనో కిందో ఉంటుంది. పైగా వెదురు కొమ్మలు తగిలి తమ్ముడి యాంటెన్నా రెండుసార్లు వంగింది. అడుగున స్ప్రింగు ఉన్నది కొని ఉంటే ఆ బాధ లేదు. రాత్రికి ఈగలపెంటలో టూరిజం హరిత హోటల్. గుడి దగ్గర సత్రాల రద్దీ వద్దనుకునే కుటుంబాలకు బాగుంటుంది, బండ్లు పెట్టుకోవడానికి చోటు ధారాళం.

సోమశిలలో కృష్ణ ఒడ్డున హరిత కాటేజీలు. సాయంత్రం వరండాలో కూర్చుంటే కదలాలనిపించదు. ఎదురుగా విశాలమైన నీళ్లు, అడ్డం ఏదీ లేదు, కొల్లాపూర్ వైపు వెళ్లిన బావ మాట స్పష్టంగా అందింది. పిల్లలున్నవాళ్లు పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేయించుకుని ఎక్కండి. భోజనానికి ముందే చెప్పి పెట్టుకోవాలి, ఆలస్యమైతే వండినవి అయిపోతాయి.

మహబూబ్‌నగర్‌లో బస్టాండ్ దగ్గర దిగిన లాడ్జి గది శుభ్రంగానే ఉంది, సెల్లార్ పార్కింగే ఇబ్బంది. కప్పు తక్కువ ఎత్తు, యాంటెన్నాలు విప్పితే తప్ప బండి దూరదు. మాగ్నెట్ బేస్ అయితే నిమిషం పని, స్క్రూ బిగింపులకు స్పానర్ కావాలి. కాబట్టి కడ్డీ మాత్రమే తిప్పి తీసేసే రకం కొనండి. పొద్దున పిల్లలమర్రి చూసి ఇంటిదారి పట్టాం. వానాకాలం ముందు బయటి కనెక్టర్లన్నిటికీ రబ్బరు టేపు చుట్టించాలి. ఒకసారి కేబుల్‌లోకి నీళ్లు దిగితే ఆ కేబుల్ మార్చడం తప్ప దారి లేదు, బాగుచేసే పద్ధతి లేదు.