పింకీకి బండి: సికింద్రాబాద్ నుంచి అరకు దాకా

పెంపుడు జంతువుల కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే చక్రాల బ్యాగు ఒకటి ₹3,899 పెట్టి కొన్నాం. విశాఖపట్నం స్టేషన్ బయటికి రాకముందే దాని చక్రం ఊడింది. చక్రం ఊడకముందే మా కుక్క పింకీని ఆ బ్యాగు పెట్టిన బాధ చూసిన కోపంతో ఇది రాస్తున్నాను. ఆ తర్వాత విశాఖలో ఒక వెల్డింగ్ మేస్త్రిగారు చేసిచ్చిన బండి గురించి చెప్పకుండా ఉండలేను కాబట్టి కూడా రాస్తున్నాను.

పింకీని అందరూ పొమెరేనియన్ అంటారు గానీ అది ఇండియన్ స్పిట్జ్. పదకొండేళ్లది, ఆరు కిలోలు. వెనక కాళ్ల మోకాలి చిప్పలు పక్కకి జారుతుంటాయి. చిన్న జాతి కుక్కల్లో ఈ ఇబ్బంది మామూలే. నాలుగడుగులు వేసి కూలబడిపోతుంది. పెద్ద స్టేషన్లో ఈ చివర నుంచి ఆ చివరకి దాన్ని నడిపించలేం. "పక్కింటివాళ్లకి అప్పజెప్పి రండి, కుక్కకి అరకు ఎందుకమ్మా?" అని మా అత్తయ్యగారు బయల్దేరేదాకా అంటూనే ఉన్నారు.

రైలు సంగతి త్వరగా చెప్పేస్తాను, అక్కడ మాకు ఏ ఇబ్బందీ రాలేదు. కుక్కని మనతోపాటే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరు పట్టే కూపే గానీ, నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం మనదే అవ్వాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలోకి తీసుకెళ్లనివ్వరు. క్యాబిన్ దొరకకపోతే గార్డు ఉండే పెట్టెలోని కుక్కల గూడే గతి. మేం నలుగురం కాబట్టి ఒకే పీఎన్ఆర్ మీద గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాలుగు టికెట్లు తీసుకుని, క్యాబిన్ కావాలని ముందే అర్జీ ఇచ్చాం. ఫస్ట్ ఏసీలో బెర్తులు చార్టు వేసినప్పుడు కేటాయిస్తారు, అంతదాకా మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. టీకాల పుస్తకం, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (₹500) చూపించి పార్శిల్ ఆఫీసులో రుసుము కట్టి రసీదు తీసుకున్నాం. ఆ రసీదు ఊరు చేరేదాకా దగ్గర పెట్టుకోండి.

ఇక ఆ బ్యాగు. మనం బట్టలు పెట్టుకునే ట్రాలీ సూట్‌కేసుకే జాలీ కిటికీలు కుట్టి కుక్క బొమ్మ అచ్చువేశారు. చక్రాలు రెండే, అవీ వెనకవైపు. హ్యాండిల్ పట్టి లాగితే బ్యాగు మొత్తం ఏటవాలుగా వంగుతుంది. బట్టలకి దాంతో పనిలేదు, లోపల ఉన్న ప్రాణికి మాత్రం నిలబడే నేలే ఒరిగిపోయింది. పింకీ జారి కింది మూలకి పడింది. లేవబోయి మళ్లీ జారింది. నొప్పిగా ఉన్న ఆ వెనక కాళ్ల మీదే దాని బరువంతా పడింది. సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద చూపులేని వాళ్లకోసం వేసిన పసుపు బొడిపెల పలకలు దాటేటప్పుడు ఆ గట్టి ప్లాస్టిక్ చక్రాలు టకటకమని కొట్టుకున్నాయి. మనకి వినపడనంత కీచు శబ్దాలు కూడా కుక్కలకి వినపడతాయి, ఆ చప్పుడు దాని చెవులకి ఎలా ఉండి ఉంటుంది! పైన గుండ్రటి పారదర్శకపు మూత ఒకటి. చూడ్డానికి బాగుంటుంది, ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టించుకోలేదు, రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. దానికి గాలి ఆడాలి, అద్దం కాదు. జిప్పుకి తాళం లేదు, ముక్కుతో తోసి సగం తెరిచేసింది. ఇన్ని లోపాలున్న వస్తువు మీద "పశువైద్యుల సలహాతో రూపొందించినది" అని ముద్రించి అమ్ముతున్నారు. వాపసు తీసుకోమంటే "వాడిన వస్తువు" అని జవాబు.

విశాఖలో దిగాక చక్రం ఇరుసుతో సహా ఊడి పట్టాల వైపు దొర్లింది. మా ఆయన బ్యాగుని రెండు చేతులా ఎత్తుకుని ఆటో దాకా మోశారు. హోటల్ మంచిది: గదికి ₹2,600, పింకీకి ₹500, అడగకుండానే పాత దుప్పటి కూడా ఇచ్చారు.

మేస్త్రిగారి దుకాణం పూర్ణా మార్కెట్ దగ్గరి సందులో ఉంది. తోపుడు బళ్లు, గ్యాస్ సిలిండర్ ట్రాలీలు చేస్తారు. బ్యాగుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటమ్మా ఇది, సరుకుకి సేసిన బండిలో పేణాన్నెట్టేశారు" అన్నారు. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న చక్రాల గురించి కాదు. "కుక్కని సూపించండి" అన్నారు. పింకీని బల్ల మీద నిలబెట్టి టేపు తీశారు.

విమానాల్లో జంతువుల పెట్టెలకి ఐఏటీఏ (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) వాళ్ల కొలతల సూత్రం ఒకటుంది, నేను దాన్ని ఫోన్‌లో దాచుకున్నాను. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి, నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడ్డప్పుడు చెవుల కొస దాకా ఉన్నంత ఎత్తు, పరుపు మందం దానికి అదనం. పింకీకి 42 సెం.మీ. పొడవు, మోచేయి 18, భుజాలు 17, చెవుల దాకా 38. అంటే పెట్టె 51 పొడవు, 34 వెడల్పు, పరుపుతో కలిపి 40 ఎత్తు ఉండాలి. మేం కొన్న బ్యాగు లోపలి పొడవు 41. అందులో అది తిరగలేదు, కాళ్లు చాపలేదు. మీరు ఏది కొన్నా ముందు మీ కుక్కని కొలవండి. "10 కిలోల దాకా" అని రాసిన మాటని నమ్మొద్దు, బరువు చూస్తే పొడవు తెలియదు.

తర్వాత నాలుగు చక్రాలు. నేల ఎప్పుడూ సమంగా ఉండాలి, అది లాగుడు బండి కాదు, తోపుడు బండి అవ్వాలి. ఐదంగుళాల రబ్బరు చక్రాలు వేశారు. పెద్ద చక్రం గతుకు ఎక్కి దాటుతుంది, చిన్నది దాన్ని కొట్టుకుని ఆగిపోతుంది. ముందు రెండూ పక్కలకి కూడా తిరిగేవి, వెనక రెండూ సూటిగా మాత్రమే వెళ్లేవి. నాలుగూ తిరిగేవైతే వాలు మీద బండి పక్కకి లాగేస్తుందని ఆయనే చెప్పారు. వెనకవాటికి బ్రేకు ఉంది, ప్లాట్‌ఫారం మీద అది లేని బండి నిలబెట్టడానికి నాకు ధైర్యం చాలదు. చక్రాల చట్రం రెక్కల నట్లతో విడిగా వచ్చేస్తుంది. ఇది నేను పట్టుబట్టి అడిగింది: విమానం సరుకుల గదిలో పంపే పెట్టెకి చక్రాలుంటే విప్పెయ్యాలి, లేదా కదలకుండా బిగించాలి. లోపల ఒక కొక్కెం, దాన్ని ఒంటికి కట్టే జీను పట్టీకి (హార్నెస్) తగిలిస్తాం. మెడపట్టీకి తగిలించకండి, ఈ జాతివాటికి శ్వాసనాళం సున్నితం.

ఖర్చు: చక్రాలు ₹880, అల్యూమినియం యాంగిల్ ₹640, 9 మి.మీ. ప్లైవుడ్ ₹350, బోల్టులు నట్లు ₹120, కూలి ₹900. పక్కనే ఆటో సీట్లు కుట్టే టైలరు మూడువైపులా జాలీ, తాళం పడే జిప్పు పెట్టి ₹750 తీసుకున్నారు. మొత్తం ₹3,640. బ్యాగు కన్నా ₹259 తక్కువ. మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్ రోడ్డు మీద తోస్తుంటే పింకీ లోపల నిలబడి, ముక్కు జాలీకి ఆనించి, సముద్రం వైపు చూస్తూ వచ్చింది. అంతదాకా ముట్టని అత్తయ్యగారు హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకున్నారు.

అరకుకి కారు, రానూపోనూ ₹5,200. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. దానికి ముందు కుక్కకి తిండి పెట్టకండి, వాంతి చేసుకుంటుంది.

అరకులో బస గురించి చెప్పాలి. రాత్రికి ₹4,200. ఫోన్‌లో "పెట్స్ ఓకే మేడమ్" అన్నారు. తీరా వెళ్లాక కుక్కని జనరేటర్ షెడ్డులో కట్టేయమన్నారు. డిసెంబరు నెల, అరకు రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగుతాయి. ముసలి ప్రాణిని డీజిల్ వాసనలో, సిమెంటు నేల మీద వదిలేయమని నవ్వుతూ చెప్పారు. మా అమ్మాయి ఏడ్చేసింది. మా ఆయన డబ్బు వాపసు అడిగితే బుకింగ్ నిబంధనలు చూపించారు. గదిలో ఉంచుకుంటే "క్లీనింగ్" కింద ₹1,500 అన్నారు, రసీదు మాత్రం ఇవ్వరట. అప్పుడు అత్తయ్యగారు ముందుకొచ్చి, "బాబూ, అది మంచం ఎక్కదు, నేల తొక్కదు. దాని గది అది తెచ్చుకుంది, చూడు" అని బండి చూపించారు. జిప్పు తియ్యకూడదన్న షరతుతో చివరికి ₹500కి ఒప్పుకున్నారు. ఆ పాత బ్యాగులో రాత్రంతా మూసి ఉంచడానికి మాకు మనసొప్పేది కాదు. ఇందులో పింకీ కాళ్లు చాపుకుని పడుకుంది. ఎక్కడ గది తీసుకున్నా కుక్క గదిలోనే ఉంటుందని, అదనంగా ఎంతో వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి.

బొంగులో చికెన్ ₹350, ఆ పూట అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. మసాలా ఉంటుంది కాబట్టి పింకీకి ఉడికించిన గుడ్డు.

తిరుగు ప్రయాణం హాయిగా సాగింది. ఒక్కటే మిగిలింది: బండి ఖాళీగా ఏడు కిలోల పైన తూగుతుంది. పింకీతో కలిపి మెట్ల మీద ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ప్లైవుడ్ తీసేసి బిగించిన క్యాన్వాస్ నేల వేస్తే ఎంత తగ్గుతుందని మేస్త్రిగారికి ఫోన్ చేశాను. కిలోన్నర తగ్గొచ్చు గానీ మధ్యలో కుంగుతుంది, కింద రెండు అడ్డపట్టీలు వెయ్యాలన్నారు. సంక్రాంతి అయ్యాక పాత చట్రం పార్శిల్ చేయమన్నారు.