కుటుంబ వ్యాపారానికి ఏది మేలు: హెచ్‌యూఎఫ్, ఫర్మ్, ఎల్‌ఎల్‌పీ, కంపెనీ?

"వ్యాపారం నాన్న పేరు మీద ఉంది, చేసేది మేమిద్దరం అన్నదమ్ములం. హెచ్‌యూఎఫ్ చేద్దామా, కంపెనీ పెట్టేద్దామా?" అని అడిగేవాళ్లకు ఇప్పటికి చాలాసార్లు విడివిడిగా జవాబిచ్చాను. మొన్నీమధ్య మా ఇంట్లోనూ ఈ సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. హెచ్‌యూఎఫ్ అంటే హిందూ అవిభక్త (ఉమ్మడి) కుటుంబం, ఫర్మ్ అంటే భాగస్వామ్య సంస్థ, ఎల్‌ఎల్‌పీ అంటే భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ.

అడిగేవాళ్లు రెండో మాటకే పన్ను దగ్గరికి వస్తారు. నేను మాత్రం ముందు ఇది అడుగుతాను: మీలో ఒకరు రేపు వేరుపడతానంటే, లేదా ఒకరు పోతే, ఆ వాటాకి ఎంత కట్టి ఇస్తారు? ఎన్నాళ్లలో ఇస్తారు? పన్నులో మిగిలేది ఏటా కొంత. ఈ లెక్క తెగకపోతే మాత్రం వ్యాపారమే కోర్టు మెట్లెక్కుతుంది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. మాల్టా దేశం 2016లో కుటుంబ వ్యాపారాలకంటూ ఒక చట్టం చేసింది, యూఏఈ 2022లో చేసింది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చూసేది పెట్టుబడి, టర్నోవరే. అందులో అన్నదమ్ములున్నారా, అపరిచితులున్నారా అన్నది దానికి పట్టదు. అది చేయించుకోండి, బ్యాంకు దగ్గర పనికొస్తుంది. కానీ అది ఇంటి తగాదా తీర్చదు.

నాన్న పేరు మీదే ఉంచేయడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మనిషీ వ్యాపారమూ ఒకటే. ఆయన పోతే వారసులు కొత్త జీఎస్టీ నంబర్ తీసుకుని, పాత నంబర్లో మిగిలిన క్రెడిట్‌ని (కొనుగోళ్లపై కట్టిన పన్ను జమని) ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. ఈలోగా కరెంట్ అకౌంట్ ఆగిపోతుంది. వన్ పర్సన్ కంపెనీ ఒకరే నడిపే వ్యాపారానికి. ఇద్దరున్న ఇంటికి అక్కర్లేదు.

ఇక హెచ్‌యూఎఫ్. పేరులోనే కుటుంబం ఉంది కాబట్టి అందరి మనసూ ముందు దీని మీదికే పోతుంది. వేరే పాన్, వేరే బేసిక్ మినహాయింపు వస్తాయన్నది నిజమే. కానీ కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడకుండా చేసే రిబేటు వ్యక్తులకే, హెచ్‌యూఎఫ్‌కి రాదు. నాన్న స్వార్జితాన్ని తెచ్చి ఉమ్మడిలో కలిపితే, దాని మీద వచ్చే ఆదాయాన్ని మళ్లీ ఆయన లెక్కలోనే వేస్తారు. ఈ రెండూ తెలిసేసరికే సగం మందికి ఉత్సాహం చల్లారుతుంది.

నాకు అసలు అభ్యంతరం వేరే ఉంది. హెచ్‌యూఎఫ్‌లోకి పుట్టుకతో వస్తారు, ఒప్పందంతో కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో పెళ్లికాని కూతుళ్లకు సమాన వాటా వచ్చింది. 2005లో కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది న్యాయమే, రావలసిందే. చిక్కల్లా వ్యాపారం నడవడంలో. నిర్ణయాలు కర్తవి, అంటే కుటుంబ పెద్దవి; అప్పుకి అపరిమిత బాధ్యతా ఆయనదే. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న సభ్యుడు కూడా ఎప్పుడంటే అప్పుడు పంపకం అడగొచ్చు. ఆ రోజు గుడ్‌విల్‌కి, అంటే వ్యాపారానికున్న మంచిపేరుకి, వెల ఎలా కట్టాలో ఎక్కడా రాసి ఉండదు. పోనీ ఒక్కరికి ఇచ్చి పంపేద్దామంటే, పాక్షిక విభజనను ఆదాయపన్ను శాఖ 1978 తర్వాత గుర్తించడం లేదు. పిత్రార్జిత స్థలం, అద్దెలు ఉంటే హెచ్‌యూఎఫ్‌లో ఉంచుకోండి. రోజూ సరుకు తిరిగే వ్యాపారాన్ని మాత్రం అందులో పెట్టకండి.

పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ తేలిక, చవక. దాని బలమూ బలహీనతా రెండూ డీడ్‌లోనే, అంటే భాగస్వాముల ఒప్పంద పత్రంలోనే ఉంటాయి. మా పాత డీడ్ తీసి చూస్తే పద్నాలుగు క్లాజులున్నాయి. లాభాల పంపకానికి పేజీన్నర, భాగస్వామి మరణానికి ఒక్క లైను: "పరస్పర అంగీకారంతో పరిష్కరించుకోవాలి." ఇంకెవరి డీడ్ చూసి టైప్ చేశారో, ఒకచోట మాకు సంబంధం లేని ఇంటిపేరు అలాగే ఉండిపోయింది! డీడ్ వేరేగా చెప్పకపోతే, 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఒక భాగస్వామి పోతే ఫర్మ్ రద్దయినట్టే. ఉన్నది ఇద్దరే అయితే డీడ్ ఏం చెప్పినా రద్దే, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు కదా. రిజిస్టర్ చేయించని ఫర్మ్‌కి బాకీల కోసం దావా వేసే హక్కు కూడా ఉండదు. తమ్ముడు ఫర్మ్ పేరుతో చేసిన అప్పుకి మీ సొంత ఇల్లు పూచీ.

ప్రైవేట్ లిమిటెడ్‌కి గౌరవం ఎక్కువ, పన్ను రేటు కూడా 22 శాతం ఎంచుకోవచ్చు (సర్‌ఛార్జి, సెస్సు అదనం). కానీ డివిడెండ్ తీసుకుంటే మళ్లీ పన్ను. పైగా చిన్న వాటాదారు ఇరుక్కుపోతాడు: జీతం లేదు, డివిడెండ్ లేదు, వాటా కొనేవాడూ లేడు. ఇంట్లో విడిగా రాసుకున్న కాగితాలు కంపెనీని కట్టిపడేయవు. ఒక కుటుంబ కంపెనీలో రెండు శాఖలకు చెరి 25 షేర్లు. ఏ శాఖ షేర్లు ఆ శాఖలోనే ఉండాలని మాట. ఆ మాట ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) లేదు కాబట్టి చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. బయటి పెట్టుబడి తెచ్చే ఆలోచన ఉంటే కంపెనీయే దారి, అప్పుడు ఆర్టికల్స్ దగ్గర పిసినారితనం వద్దు.

మేము ఎల్‌ఎల్‌పీ తీసుకున్నాం. భాగస్వామి పోయినా సంస్థ ఉంటుంది, సొంత ఆస్తికి రక్షణ ఉంటుంది. పన్ను ఫర్మ్‌లాగే 30 శాతం, పైన సెస్సు; భాగస్వామి చేతికొచ్చే లాభంపై మళ్లీ పన్ను లేదు. టర్నోవర్ 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితే ఆడిట్ తప్పదు. మే 30కి ఒక ఫారం, అక్టోబర్ 30కి ఇంకొకటి. గడువు దాటితే రోజుల లెక్కన జరిమానా పెరుగుతుంది, ఆ విసుగు మాత్రం ఉంది.

ఇందులోనూ ఒక లోపముంది. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే, వెళ్లిపోయేవాడికి చట్టం ఇప్పించేది పెట్టిన పెట్టుబడి, పోగుపడిన లాభంలో వాటా. గుడ్‌విల్ ఊసు లేదు. అందుకే మేము రాసుకున్నాం: గత మూడేళ్ల సగటు లాభానికి రెండింతలు గుడ్‌విల్‌గా కట్టి, ఇరవై నాలుగు నెలల వాయిదాల్లో ఇవ్వాలి. రెండింతలా, మూడింతలా అన్నదాని మీద మూడు ఆదివారాలు వాదించుకున్నాం. ఫర్మ్‌ని ఎల్‌ఎల్‌పీగా మార్చేటప్పుడు పాత భాగస్వాములే, వాళ్లందరూ ఉండాలి. కొత్తవాళ్లని చేర్చడానికి లేదు. అందుకని మా చెల్లి నెల తర్వాత చేరింది. మూడింతలు కావాలన్నది తనే. ఇప్పటికీ ఒప్పుకోలేదు, సంతకం మాత్రం పెట్టింది.