ఇంటి స్పీకర్లలో పాండోరా: బ్లూటూతా, వైఫై రిసీవరా?

నెట్‌లో రేడియోలా పాటలు వినిపించే పాండోరా అమెరికాలో మాత్రమే వస్తుంది కాబట్టి అక్కడి మనవాళ్ల ప్రశ్నే ఇది.

ఖర్చు: పాత ఆంప్లిఫయర్ ఉంటే చిన్న బ్లూటూత్ అడాప్టర్ చాలు. పాండోరా ఉన్న వైఫై రిసీవర్‌కు (నెట్‌కు నేరుగా కలిసే ఆంప్లిఫయర్‌కు) వందల డాలర్లు.

శ్రమ: బ్లూటూత్ నిమిషంలో కలుస్తుంది. రిసీవర్‌లో ఒకసారి అకౌంట్ కలిపితే చాలు.

ఇబ్బంది: బ్లూటూత్‌లో ఫోన్ మోగితే పాట ఆగుతుంది. ఫోన్‌తో పెరట్లోకి వెళ్లి సుమారు 10 మీటర్లు దాటితే తెగుతుంది. రిసీవర్ పాటను నేరుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది; ఫోన్ ఆఫ్ చేసినా పర్వాలేదు. కానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే ఆ సౌకర్యమే పోవచ్చు. ఆ టెన్షన్ అడాప్టర్‌కు లేదు.

అభిరుచి: నాకు ఇదే ముఖ్యం. మనం నొక్కే బొటనవేలి గుర్తులను (పాట నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి) బట్టి స్టేషన్, అంటే మనం పెట్టుకున్న పాటల ఛానెల్, మన ఇష్టం నేర్చుకుంటుంది. ఫోన్ చేతిలో ఉంటే వెంటనే నొక్కుతాం. రిసీవర్ అయితే రిమోట్ వెతికేలోపు పాట అయిపోతుంది. ఏది కొన్నా పిల్లలకు వేరే స్టేషన్ పెట్టండి, లేదంటే మీ కర్ణాటక సంగీతంలోకి వాళ్ల పాటలు వచ్చేస్తాయి.

అద్దె ఇల్లు, ఒక్కరే వినేవాళ్లు: బ్లూటూత్. సొంతిల్లు, రోజంతా పాట మోగాలి, ఇంట్లో అమ్మానాన్నలూ పెట్టుకోవాలి: రిసీవర్.