పాడుబడ్డ గోడల కోసం నాలుగు రోజులు: దేవరకొండ, సాగర్, కొల్లాపూర్

ట్రైపాడ్ కాళ్లు బండల మధ్య సరిగ్గా కుదురుకున్నాయో లేదో చూస్తున్నాను. కెమెరా ఇంకా బిగించనేలేదు. కింద మేకలు కాస్తున్న పెద్దాయన గట్టిగా కేకేశాడు. “ఏం మిషన్ అది? గుప్తనిధులకొచ్చిన్రా?”

దేవరకొండ కోటలో నాకు దక్కిన స్వాగతం ఇది. ఆయన తప్పేమీ లేదు. మన వైపు పాత కోటల్లో, గుళ్లలో నిధుల కోసం తవ్విపోయేవాళ్ల బెడద చిన్నది కాదు. మూడు కాళ్ల సామానుతో తెల్లారకముందే గుట్టెక్కినవాణ్ని ఏమనుకోవాలి మరి? పైకి పిలిచి కెమెరా స్క్రీన్ చూపించాక నెమ్మదించాడు. బీడీ వెలిగించుకుని పక్కనే కూర్చుని, “కూలిపోయినదాని ఫొటో తీస్తే ఏమొస్తది సారూ?” అనడిగాడు. నాలుగు రోజుల్లో ఇదే ప్రశ్న నలుగురు అడిగారు. నేను మాత్రం ప్రతిసారీ వేరే జవాబు చెప్పాను.

నవంబర్ చివర్లో హైదరాబాద్ నుంచి బయల్దేరాం. స్నేహితుడి కారు, డ్రైవింగ్ కూడా అతనిదే. వదిలేసిన కట్టడాల మీద ఓ పన్నెండు ప్రింట్లు చేయాలని చాన్నాళ్ల కోరిక. ఫైన్ ఆర్ట్ ఫొటో అంటే కొందరు ఫిల్టర్ అనుకుంటారు. నా లెక్కలో అది ముందే మనసులో ఒక భావం అనుకుని, దానికి తగిన వెలుతురు కోసం కాచుకుని తీసి, చివరికి కాటన్ కాగితం మీద అచ్చు వేసి గోడకు తగిలించే పని. ఫోన్ స్క్రీన్ మీద బాగున్నది గోడ మీద తేలిపోవడం నాకు బాగా అనుభవమే.

దేవరకొండ గురించి ఎక్కువ రాయను. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల కోట. ఏడు కొండల్ని చుట్టి కట్టారు. ద్వారాలు దాటుతూ ఎక్కుతుంటే పొద్దుటి ఎండ ప్రాకారం మీద అడ్డంగా పడి, ఒక్కో రాయి విడివిడిగా కనిపిస్తుంది. చూడ్డానికి బ్రహ్మాండం. తీశాక చూసుకుంటే మాత్రం ఏదో పర్యాటక శాఖ క్యాలెండర్‌లా ఉంది. కోట తనంతట తానే అందంగా ఉండటంతో నాకు చేయడానికి పనేమీ మిగల్లేదు. వర్షాకాలం వెళ్లిపోయి నెల దాటినా ముళ్లపొదలు నడుము ఎత్తున ఉన్నాయి. ఫుల్ ప్యాంటు, మందపాటి బూట్లు లేకపోతే ఎక్కొద్దు. పైన నీళ్లు అమ్మేవాళ్లు ఉండరు, మోసుకెళ్లాలి. ఊళ్లో బస్టాండు వైపు టిఫిన్ బండి మీద తిన్న మిర్చి బజ్జీ మాత్రం పది మార్కులకు తొమ్మిది.

సాయంత్రానికి నాగార్జునసాగర్ చేరాం. అసలు పని అక్కడే.

సాగర్ అంటే అందరికీ డ్యామ్, 26 గేట్లు, లాంచీలో నాగార్జునకొండ. ఇప్పుడు బుద్ధవనం కూడా. నాకు కావాల్సినవి హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లోని పాత క్వార్టర్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ఇంజినీర్లు, గుమాస్తాలు, మెకానిక్కులు, వాళ్ల కుటుంబాలతో ఇక్కడ ఊరే పుట్టింది. 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. పని అయిపోయాక ఊరు కొంచెం కొంచెంగా పలచబడింది. మా మేనమామ ఆ ఊళ్లోనే స్టోర్స్‌లో గుమాస్తా. నేను పుట్టకముందే వాళ్లు నల్లగొండ వచ్చేశారు కానీ, ఇప్పటికీ ఇంట్లో ఏ మాట మొదలైనా సాగర్‌లోనే తేలుతుంది.

బస గురించి ముందు చెప్పేస్తాను. నీటి వైపు చూసే పర్యాటక శాఖ హోటల్ ఒకటి ఉంది. శనాదివారాలు ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు, మాకు దొరకలేదు. ఓ ప్రైవేటు లాడ్జిలో దిగాం. గదికి 1,200. ఫోన్లో ‘వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ’ అన్నవాళ్లు, తీరా పొద్దున అడిగితే బకెట్‌కు ముప్పై అన్నారు. దుప్పటికి పాత సాంబారు వాసన. బ్యాటరీలు ఛార్జ్ పెట్టుకోవడానికి గది మొత్తానికి ఒక్కటే ప్లగ్గు, అది కూడా ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన, వదులుగా. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు ఎక్స్‌టెన్షన్ బోర్డు మర్చిపోకండి. తిండి మాత్రం బాగుంది. రోడ్డు పక్కన వేయించి ఇచ్చే కృష్ణ చేప తిన్నాక లాడ్జి మీద కోపం సగం తగ్గింది.

క్వార్టర్లలోకి నేరుగా వెళ్లిపోకూడదు. అన్నీ ఖాళీవి కావు. ఒక వరుసలో పైకప్పు కూలిన ఇల్లు, దాని పక్కనే తులసికోట, ముగ్గు, డిష్ యాంటెన్నా. నివాసం ఉన్న ఇంటివాళ్లను ముందు పలకరించాం. ఒకావిడ “ఈ ఇల్లు మేం ఆక్రమించుకోలేదు కదా, ఆఫీసు నుంచొచ్చారా?” అని భయపడింది. కాదని నమ్మించడానికి టీ తాగేంత సేపు పట్టింది. ఆ తర్వాత ఆవిడే ఏ ఇంట్లో పాముంది, ఏ స్లాబు కింద నిలబడకూడదు, ఎక్కడ తేనెతుట్టె ఉంది అన్నీ వివరంగా చెప్పింది. డబ్బులిచ్చి పెట్టుకునే ఏ గైడూ ఇంత పనికొచ్చేవాడు కాదు.

మొదటి రోజు అందరిలాగే తీశాను. విరిగిన కిటికీలోంచి ఏటవాలు ఎండ, నేల మీద ఆకులు, గోడ చీల్చుకొచ్చిన రావిమొక్క. గదిలో చీకటి, కిటికీ బయట కళ్లు చెదిరే వెలుగు. ఒక్క క్లిక్‌లో రెండూ పట్టవు కాబట్టి రెండేసి స్టాపుల తేడాతో, అంటే ఒక్కోసారి వెలుతురు నాలుగు రెట్లు మారేలా, మూడు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలపాలి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం చిన్నగా ఎఫ్ 11, ట్రైపాడ్ తప్పనిసరి. రాత్రి లాప్‌టాప్‌లో చూస్తే చిరాకేసింది. ఏ దేశంలో పాడుబడ్డ ఇల్లైనా ఇలాగే ఉంటుంది. ఇందులో సాగర్ ఎక్కడుంది?

అప్పుడు గుర్తొచ్చింది బెషర్ల సంగతి. బెర్ండ్, హిల్లా బెషర్ అనే జర్మన్ దంపతులు 1959 నుంచి దశాబ్దాల పాటు నీళ్ల ట్యాంకులు, గని టవర్లు, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసుల ఫొటోలు తీశారు. మబ్బు పట్టిన రోజుల్లో, నీడలు పడకుండా, వీలైనంత ఒకే రకం కోణంలో. ఒక రకం కట్టడాలన్నిటినీ పక్కపక్కన పేర్చి చూపించేవారు. పేర్చి చూస్తేనే ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలుస్తుంది.

క్వార్టర్లు దీనికోసమే కట్టినట్టున్నాయి. ఒకే ప్లాను, ఒకే కొలతలు. మర్నాడు పొద్దున అదృష్టం కొద్దీ నది మీంచి మంచు పట్టింది, ఎనిమిదిన్నర దాకా నీడ లేదు. ఒకే టైపు ఇళ్లు తొమ్మిది ఎంచుకున్నాను. గుమ్మానికి ఎదురుగా అన్నిచోట్లా పన్నెండు అడుగుల దూరం, ఛాతీ ఎత్తు, కెమెరా పైకీ కిందికీ వాలకుండా లెవెల్. నిలువు గీతలు వంగితే ఈ పనంతా దండగ. తర్వాత అదే పద్ధతిలో తొమ్మిది వంటగదులు.

ప్రభుత్వం అందరికీ ఒకే ఇల్లు ఇచ్చింది, ఉన్నవాళ్లు తొమ్మిది ఇళ్లు చేసుకున్నారు. ఒకరు వంటగదికి నీలిమందు కలిపిన సున్నం వేశారు, పెచ్చు లేచిన చోట కింద పసుపు, దాని కింద మళ్లీ తెలుపు. ఒకరు గూటికి తలుపులు పెట్టించారు. ఒక గుమ్మానికి పసుపు రాసిన గుర్తు ఇంకా ఉంది. ఒక చోట తలుపు పక్కన పెన్సిల్ గీతలు, పిల్లల ఎత్తు కొలిచినవి, నాలుగో గీత దగ్గర ఆగిపోయాయి. బదిలీ అయిందో, పిల్లాడికి విసుగొచ్చిందో. బ్లాక్ అండ్ వైట్ చేద్దామని వెళ్లినవాణ్ని ఆ సున్నం పొరల కోసం రంగుల్లోనే ఉంచేశాను.

ఈ పనిలో నాదొక నియమం ఉంది. దేన్నీ కదపను. కుర్చీ తెచ్చి మధ్యలో వేయడం, బొమ్మ తెచ్చి కిటికీలో పెట్టడం చాలామంది చేస్తారు. అది నాటకం. సీసా పెంకు కూడా ఉన్నచోటే ఉండాలి.

మూడో రోజు డిండి మీదుగా మన్ననూరు వైపు వెళ్లాం. ఫర్హాబాద్ దగ్గర నిజాం కాలపు షికారు విడిది శిథిలాలున్నాయి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సఫారీ వాహనంలో తీసుకెళ్లి తీసుకొస్తారు, మన ఇష్టం వచ్చిన చోట దిగి గంటసేపు ట్రైపాడ్ వేసే వీలు ఉండదు. ఉండకూడదు కూడా. అడవి చూడాలనుకుంటే వెళ్లండి, ఫొటో కోసమైతే వద్దు. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు శ్రీశైలం రోడ్డు మూసేస్తారు, ఆ లెక్కలో బయల్దేరాలి.

కొల్లాపూర్‌లో లాడ్జి చవక, 800, శుభ్రం. యజమాని తల్లి పొద్దున్నే జొన్నరొట్టె, పల్లీల చట్నీ పంపింది, బిల్లులో వేయలేదు. సంస్థానం కాలం నాటి మేడలు బయటి నుంచే చూశాం. లోపలికి అనుమతి కోసం ఓ పూట తిరిగి వదిలేశాను. సోమశిలలో ఎండ అప్పటికే నిలువుగా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొచ్చినప్పుడు ఇక్కడి పల్లెలు మునిగాయి, గుళ్లను మాత్రం విప్పి ఎత్తైన చోట మళ్లీ కట్టారు. నవంబర్‌లో నిండా నీళ్లే. మునిగిన ఊళ్ల గోడలు తేలేది ఎండాకాలంలో, ఏప్రిల్, మే నెలల్లో రావాలి. ఈసారికి చేపల పులుసు తిని వెనక్కి తిరిగాం.

వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. మెట్ల మీద పిల్లలు రికార్డులు రాసుకుంటున్నారు. నా జాబితాలో దాన్ని కొట్టేశాను, సంతోషంగానే.

మొత్తం ఖర్చు ఇద్దరికీ పెట్రోల్‌తో కలిపి తొమ్మిది వేల లోపే. మళ్లీ వెళ్తే దేవరకొండకు సగం పూట, సాగర్‌కు మూడు రోజులు ఇస్తాను.

తొమ్మిది వంటగదుల్ని ఒకే షీట్ మీద అచ్చు వేయించి నల్లగొండ తీసుకెళ్లాను. మామయ్య కళ్లద్దాలు పెట్టుకుని తన క్వార్టర్ నంబరు వెతకడం మొదలుపెట్టాడు. నంబర్లు చెరిగిపోయాయని చెప్పినా వినడు. అత్తమ్మ వెనక నుంచి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

“గంత దూరం పోయినవు గదా, తీసే ముందు జర ఊడిస్తే ఏం పోయింది?”