మెట్టు తప్పని గీత: చీర అంచుల గ్రాఫుకు ఏస్‌ప్రైట్ పనితీరు

విజయవాడ కృష్ణలంకలో ఇంట్లోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని, మంగళగిరి మగ్గాలకు చీర అంచుల గ్రాఫులు వేసి ఇస్తుంటాను. జకార్డు మగ్గానికి (రంధ్రాలు కొట్టిన అట్టలను బట్టి కొక్కేలతో పడుగు దారాలను ఎత్తి డిజైను నేసే మగ్గం) గ్రాఫులోని ఒక్కొక్క నిలువు వరుస ఒక కొక్కేన్ని, ఒక్కొక్క అడ్డువరుస ఒక అట్టను సూచిస్తాయి కాబట్టి, తెర మీద ఒక పిక్సెల్, అంటే ఒక గడి, పక్కకు జరిగితే బట్ట మీద దారం పక్కకు జరిగినట్టే. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లు గీత అంచును నునుపు చేయడానికి చల్లే లేతరంగు పిక్సెళ్లు ఇక్కడ పనికిరావు. ఒక గడిలో జరీ ఉంటుంది, లేదా ఉండదు. అందుకే కంప్యూటర్ ఆటల బొమ్మలు గీసేవారి కోసం తయారైన ఏస్‌ప్రైట్ అనే పిక్సెల్ ఎడిటర్‌ను ఏడాదిగా ఈ పనికి వాడుతున్నాను. యానిమేషన్ వంటి మిగతా సదుపాయాల జోలికి పోకుండా, గీతనూ దీర్ఘచతురస్రాన్నీ వృత్తాన్నీ గీసే పనిముట్ల గురించి మాత్రమే రాస్తున్నాను. గ్రాఫు మంచిచెడ్డలు తేలేది అక్కడే.

దీనికి ముందు ఉచితంగా దొరికే మరొక ఎడిటర్ వాడేదాన్ని. అందులో ఒకసారి గోపురం అంచు (గుడి గోపురంలా మెట్లు మెట్లుగా లేచే కొసల అంచు) వేశాను. గోపురానికి ఒక్కొక్క పక్క 24 గడుల వెడల్పు, 8 గడుల ఎత్తు. ఇరవై నాలుగును ఎనిమిదితో భాగిస్తే మూడు వస్తుంది కనుక, ప్రతి మెట్టూ మూడు గడులుగా ఉంటుందనుకుని గీత లాగి, పెద్దగా పరిశీలించకుండానే పంపించాను. అట్టలు కొట్టించి నాలుగైదు అంగుళాలు నేసిన తరువాత మగ్గం దగ్గర పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, గోపురం నడుమ ఉబ్బింది, చివర్లు కురచబడ్డాయి, ఒకసారి చూడు" అన్నారు. గ్రాఫు తెరిచి లెక్కపెడితే మెట్లు వరుసగా 2, 3, 4, 3, 3, 4, 3, 2 గడులుగా ఉన్నాయి. అట్టలన్నీ మళ్లీ కొట్టించాల్సి వచ్చింది. ఆయన చెప్పకపోతే ఆ చీర అలాగే అంగడికి వెళ్లేది.

ఈ తప్పు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. తెర మీద గీత గీయడానికి ఎక్కువగా వాడే పద్ధతిని ఐబీఎంలో పనిచేసిన జాక్ బ్రెజెన్‌హామ్ 1962లో, కాగితం మీద కలంతో గీసే ప్లాటర్ యంత్రం కోసం రూపొందించారు. కలం ఒక బిందువు నుంచి మరొక బిందువుకు కదులుతుంది కాబట్టి ఆ లెక్క బిందువుల నడుమ దూరాన్ని పట్టించుకుంటుంది. మొదటి గడి నుంచి ఇరవై నాలుగో గడికి దూరం 23, మొదటి వరుస నుంచి ఎనిమిదో వరుసకు దూరం 7. ఇరవై మూడును ఏడు సమభాగాలు చేయలేము కాబట్టే మెట్లు ఎగుడుదిగుడయ్యాయి. కలానికి ఆ లెక్క సరైనదే, కానీ గడులు నింపి బొమ్మ కట్టే పనికి దూరాలు కాదు, గడులే లెక్కకు రావాలి. ఏస్‌ప్రైట్ గీత పనిముట్టు చేసేది సరిగ్గా అదే: రెండు చివరి గడులనూ కలుపుకుని 24నూ 8నీ తీసుకుంటుంది. అదే గోపురాన్ని ఇందులో గీస్తే ఎనిమిది మెట్లూ మూడేసి గడులుగా వచ్చాయి. ఇంత చిన్న దిద్దుబాటు కోసం డబ్బు పెట్టవచ్చా అని అడిగేవారికి, నా పనిలో ఇంతకన్నా విలువైన దిద్దుబాటు మరొకటి లేదని చెప్పగలను.

వృత్తం విషయంలో చిక్కు వేరు. వెడల్పు 25 గడులైతే నడిమి గడి ఒకటి ఉంటుంది. 24 అయితే నడిమి బిందువు రెండు గడుల మధ్య గీత మీద పడుతుంది. ఏదో ఒక గడిని కేంద్రంగా తీసుకుని మాత్రమే లెక్కవేసే పనిముట్టు సరిసంఖ్య వెడల్పు దగ్గర తడబడి, బుటాను (బట్ట మీద విడిగా నేసే బొమ్మను) ఒక పక్కకు ఒరిగేలా చేస్తుంది. ఇందులో మూల నుంచి మూలకు లాగితే రెండు రకాల వెడల్పులకూ నాలుగు పక్కలూ సమానంగా వస్తున్నాయి. పడుగు, పేక సాంద్రతలు ఒకటి కానప్పుడు ఇది మరీ అక్కరకు వస్తుంది: అంగుళానికి పడుగు 80, పేక 64 ఉన్న బట్ట మీద అంగుళం వెడల్పున గుండ్రని బుటా కావాలంటే తెర మీద 80 గడుల వెడల్పు, 64 గడుల ఎత్తు గల అండాకారాన్ని గీయాలి. ఆరేడు గడుల చిన్న చుక్కలను మాత్రం నేను చేత్తోనే దిద్దుకుంటాను; అంత చిన్న జాగాలో ఏ సూత్రమూ కంటికి నచ్చే గుండ్రతనాన్ని ఇవ్వలేదు.

దీర్ఘచతురస్రం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అది సరిగ్గా పనిచేస్తుంది. ఆకారం లాగుతున్నప్పుడు షిఫ్ట్ నొక్కితే కొలతలు సమానమవుతాయి, కంట్రోల్ నొక్కితే కేంద్రం నుంచి పెరుగుతుంది, స్పేస్ నొక్కితే ఆకారమంతా మరొక చోటికి జరుగుతుంది. అద్దంలో ప్రతిబింబంలా రెండో పక్కను తానే గీసే సదుపాయాన్నీ, అంచు పక్కపక్కనే తిరిగి తిరిగి వస్తే ఎలా ఉంటుందో చూపే సదుపాయాన్నీ ఆకారాల పనిముట్లతో కలిపి వాడితే, గోపురంలో సగం గీయడంతోనే అంచంతా కళ్ల ముందుంటుంది.

మెరుగుపడవలసినవీ ఉన్నాయి. మౌస్ వదలగానే ఆకారం పిక్సెళ్లుగా స్థిరపడిపోతుంది. ఒక గడి తక్కువైందని తెలిస్తే వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి లాగాలి. పెయింట్ డాట్ నెట్ అనే మరొక ఎడిటర్‌లో గీసిన ఆకారాన్ని ఖాయం చేసేలోపు మూలలు పట్టుకుని సవరించుకోవచ్చు. ఆ వీలు ఇక్కడా ఉంటే నాబోటివారికి రోజూ ఎంతో సమయం మిగులుతుంది. లాగుతున్నప్పుడు కొలతలు కింది పట్టీలో కనిపిస్తాయి, అది మంచిదే. కానీ 80, 64 అని అంకెలు టైపు చేస్తే ఆకారం తానే పడే ఏర్పాటు ఉంటే, చెయ్యి వణికే వయసులో ఉన్న డిజైనర్లకు కూడా ఈ పని సులువవుతుంది.

ధర సుమారు 20 డాలర్లు. 2016లో దీని లైసెన్సు మారినప్పుడు, అంతకుముందున్న, ఎవరైనా తీసుకుని మార్చుకోగల స్వేచ్ఛా కోడ్ నుంచి లిబ్రెస్‌ప్రైట్ అనే ఉచిత ఎడిటర్ వేరుపడింది. డబ్బు పెట్టలేనివారు దానితో మొదలుపెట్టవచ్చు. ఏస్‌ప్రైట్ ట్రయల్‌లో ఫైలు సేవ్ కాదు గానీ ఆకారాలన్నీ గీసి చూసుకోవచ్చు. కొనే ముందు 24 గడుల వెడల్పు, 8 గడుల ఎత్తుతో ఒక గీత లాగి, ఒక్కొక్క మెట్టునూ వేలు పెట్టి లెక్కించండి.