ఇసుక, మట్టి, రాయి: మంటపై గిన్నె ఎక్కడ నిలబడింది?

గిన్నెను మంట మీద వేలాడదీసే సరంజామా కొనేటప్పుడు అందరూ దాని బరువు, మడత చూస్తారు. నేనైతే ముందు నేల చూడమంటాను. మొన్నటి ట్రిప్‌లో నది ఒడ్డు ఇసుకలో, అడవిలోని క్యాంప్‌సైట్‌లో, కొండ మీద రాతి చట్టుపై మకాం వేశాం. ఒకచోట బాగా పనిచేసిన వస్తువు ఇంకోచోట సంచిలోంచి బయటికే రాలేదు.

మా వెంట మూడు రకాలున్నాయి. ఒకటి ఉక్కు ముక్కాలు, అంటే మూడు కాళ్లు, మధ్యలో గొలుసు, చివర కొక్కెం ఉండే ట్రైపాడ్. రెండోది నేలలో దిగగొట్టే ఇనుప కడ్డీ, దానికి అటూ ఇటూ తిరిగే చెయ్యి. మూడోది అరచేతిలో పట్టే మూడు రంధ్రాల బిళ్ల. దాని రంధ్రాల్లో అక్కడ దొరికిన కర్రలు మూడు దూర్చి, బిళ్ల కింద గొలుసు తగిలిస్తే ముక్కాలు తయారవుతుంది.

నది ఒడ్డు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నీళ్లు పక్కనే, కొట్టుకొచ్చి ఎండిన కట్టెలు కావలసినన్ని. కానీ తిరుగుడు చెయ్యి ఇక్కడ దండగ. కడ్డీ రెండు దెబ్బలకే సగం దిగిందంటే నేలకు పట్టు లేదని అర్థం. ఖాళీ గిన్నె తగిలిస్తే నిలబడింది. నీళ్లు పోసేకొద్దీ కడ్డీ మంట వైపు ఒరగడం మొదలైంది. మూడు లీటర్ల నీళ్లంటే మూడు కిలోలు, దానికి గిన్నె బరువు కలుస్తుంది, పైగా ఆ భారమంతా చెయ్యి చివర్న ఉంటుంది. ఉక్కు ముక్కాలి కాళ్ల కింద చదునైన చెక్క ముక్కలు పెడితే కుదురుగా నిలిచింది. సాయంత్రం గాలి లేచి గిన్నె ఊగుతుంటే గొలుసు పొట్టి చేయలేదు, పొడుగు చేశాం. గిన్నె నిప్పులకు దగ్గరైతే పక్కకు కొట్టుకుపోయే మంట వల్ల సెగ అంతగా వృథా కాదు. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. నీళ్లలో నానిన రాళ్లను పొయ్యి చుట్టూ పేర్చకండి. లోపలి తడి ఆవిరై రాయి పేలి ముక్కలు ఎగురుతాయి.

అడవిలోని క్యాంప్‌సైట్ వసతి పరంగా అన్నిటికంటే నచ్చింది. కుళాయి, బల్ల, మంటకు ఇనుప వలయం, బూడిద పోయడానికి డబ్బా, అన్నీ ఉన్నాయి. మంట ఆ వలయంలోనే వేయాలి, చెట్టు కొమ్మలు నరకకూడదు అని వచ్చీ రాగానే చెప్పారు. చెప్పిన తీరులో మర్యాద ఉంది, ఎండు కట్టెలు వాళ్లే తెచ్చి పెట్టారు. అయితే అద్దెకిచ్చిన ముక్కాలు మాత్రం తిప్పి పంపేశాం. దాని గొలుసుకు జింకు పూత ఉంది. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కట్టెల మంట అంతకు మించి పోతుంది. వేడెక్కిన జింకు పొగ పీలిస్తే చలి, జ్వరం రావచ్చు. వంట మంట మీద అలాంటి గొలుసు పెట్టడం ఎవరికీ మంచిది కాదు, ఆ మాటే వాళ్లకూ చెప్పాం. స్టెయిన్‌లెస్ స్టీల్ గొలుసైతే ఈ బెడద ఉండదు. నైలాన్ తాడు అసలే వద్దు, సెగకే సాగి కరిగిపోతుంది.

తిరుగుడు చెయ్యి తన సత్తా చూపింది ఇక్కడే. గట్టి మట్టిలో, వలయానికి బయట కడ్డీ దిగగొట్టాం. చేతికి ఉన్న గొట్టం కడ్డీకి వదులుగా ఉంటుంది. గిన్నె బరువుకు అది కాస్త వాలి కడ్డీని అదిమి పట్టుకుంటుంది, బిగించడానికి మర కూడా అక్కర్లేదు. బరువు ఎత్తి పట్టుకుంటే పైకీ కిందికీ జరుగుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది. సూప్ కలపాలంటే చెయ్యిని పక్కకు తిప్పుకుని, మంటకు దూరంగా మూత తీసి, గరిటె తిప్పి, మళ్లీ మంట మీదికి తోసేయడమే. కళ్లలో పొగ లేదు, ముంజేతులు కాలవు. ముక్కాలితో ఇది కుదరదు, ప్రతిసారీ మంట మీదికి వంగాల్సిందే. పైగా వలయం వెడల్పుగా ఉంటే మీటరు పొడుగు కాళ్లు చాలవు. కాళ్లు ఎంత ఎడంగా చాపితే గిన్నె అంత కిందికి దిగుతుంది.

రాతి చట్టు మీద గాలి, ఆకాశం, విశాలం తప్ప వేరే వసతి లేదు. కడ్డీ దిగే ప్రశ్నే లేదు. కర్రలు లేవు కాబట్టి బిళ్లా పనికిరాలేదు. ముక్కాలు నిలబెడితే కాళ్లు నున్నటి రాతి మీద బయటికి జారతాయి. ప్రతి కాలి వెనక బరువైన రాయి పెట్టడమో, మూడు కాళ్లనూ కింద గొలుసుతో కట్టడమో చేయాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ, సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 1500 మీటర్ల దగ్గర 95 డిగ్రీలే. గింజలు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, అంటే కట్టెలూ ఎక్కువ కావాలి, అక్కడ కట్టెలే లేవు. రాయి మీద పడ్డ మసి మరక ఏళ్ల తరబడి పోదు కూడా. అందుకే అక్కడ ముక్కాలు మడిచి గ్యాస్ స్టవ్ వెలిగించాం. అలాంటి చోట మంట వేయకపోవడమే సరైన పని అని నా గట్టి నమ్మకం.

కారు దగ్గరే మకాం అయితే ఉక్కు ముక్కాలు తీసుకెళ్లండి. పోత ఇనుము డచ్ ఓవెన్, అంటే మూత ఉండే మందపాటి వంట గిన్నె, నిండితే పది కిలోలు దాటొచ్చు, దాన్ని నిశ్చింతగా మోసేది అదే. సన్నటి అల్యూమినియం గొట్టాలవి తేలికే కానీ అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. పెద్ద మంటలోకి కాళ్లు వెళ్లకుండా చూసుకోవాలి. గట్టి నేల, ఒకే చోట రెండు మూడు రాత్రులు ఉండే పనైతే తిరుగుడు చెయ్యి. వీపున మోసుకుంటూ చెట్లున్న దారిలో నడిచేవాళ్లకు బిళ్ల, గొలుసు, రెండు ఎస్ ఆకారం కొక్కేలు చాలు. కర్రలు మాత్రం నేల మీద పడినవే, బొటనవేలికంటే లావువి ఏరుకోండి.

ఏది కొన్నా ముందు మీ గిన్నె పిడి చూసుకోండి. బకెట్ పిడిలా పైకి వంగి, రెండు చెవుల్లోంచి ఊడిరాకుండా ఉండాలి. నిండా నీళ్లు పోసి, మంట లేకుండా ఒకసారి వేలాడదీసి, చేత్తో ఊపి చూడండి. మంట మీద పెట్టేముందు గిన్నె బయటివైపు పల్చగా సబ్బు పూస్తే మసి తేలిగ్గా కడిగేయొచ్చు. గొలుసు మసి మాత్రం ఎంత తోమినా కొంత మిగులుతుంది. దానికి విడిగా ఒక మందపాటి గుడ్డ సంచి పెట్టుకుంటే మిగతా సామాను నల్లబడదు.